ఆసుపత్రి నుంచి ఇంటికి: సంధి దశ సంరక్షణ, నర్సింగ్ విద్య

ఆసుపత్రిలో చికిత్స ముగిసిన రోగి ఇల్లు చేరి, మందులు, ఆహారం, గాయం శుభ్రత, లేచి తిరగడం వంటి పనులన్నీ తానుగానో ఇంటివారి సాయంతోనో నడుపుకోవడం మొదలుపెట్టే కొద్ది వారాల కాలాన్ని నర్సింగ్ శాస్త్రం ఒక ప్రత్యేకమైన సంధి దశగా గుర్తిస్తుంది. ఆ కాలంలో అందవలసిన సేవలన్నిటినీ కలిపి సంధి దశ సంరక్షణ అనవచ్చు. వార్డులో రాత్రింబవళ్లు ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉన్న రోగిని ఒక్క పూటలో ఇంటివారికి అప్పగించే ఈ ఘట్టం తరువాతనే మందుల పొరపాట్లు జరగడానికి, గాయం చీము పట్టడానికి, తగ్గిందనుకున్న జబ్బు తిరగబెట్టడానికి అవకాశం ఎక్కువ. తెలుగు రాష్ట్రాలలో ఈ సంరక్షణ బలహీనంగా ఉండడానికి నర్సుల కొరత, పని ఒత్తిడి కారణాలుగా చెప్పడం పరిపాటి. అవి నిజమైన కారణాలే. అయితే వాటికంటే ముందే, నర్సు తయారయ్యే తరగతి గదిలోనే వార్డునూ ఇంటినీ రెండు వేర్వేరు లోకాలుగా చూపే బోధనా క్రమం ఉన్నదనీ, లోపం మొదలయ్యేది అక్కడేననీ ఈ వ్యాసం వాదిస్తుంది.

సంధి దశను నర్సింగ్ సిద్ధాంతంగా రూపుదిద్దినవారిలో ఈజిప్టులో పుట్టి అమెరికాలో ఆచార్యులుగా పనిచేసిన అఫాఫ్ మెలైస్ ముఖ్యులు. మనిషి ఒక స్థితి నుంచి మరో స్థితికి మారేటప్పుడు పాత అలవాట్లు పనికిరాకుండా పోయి, కొత్తవి ఇంకా చేతికి రాని మధ్యకాలం ఒకటుంటుందనీ, ఆ కాలంలో మనిషికి తోడ్పడడమే నర్సింగ్ పనిలో కీలకమైన భాగమనీ ఆమె ప్రతిపాదించారు. తన సహ పరిశోధకులతో కలిసి 2000లో ప్రకటించిన వ్యాసంలో ఆమె ఈ మార్పులను ఎదుగుదలకు సంబంధించినవి, పరిస్థితులకు సంబంధించినవి, ఆరోగ్య అనారోగ్యాలకు సంబంధించినవి, సంస్థాగతమైనవి అని నాలుగు రకాలుగా విభజించారు. ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లే రోగిలో ఈ రకాలు కలగలిసి ఉంటాయి. పక్షవాతం వచ్చిన రైతుకు జబ్బు మాత్రమే కాదు, పొలం పనికి వెళ్లలేని స్థితి, ఇంట్లో పెద్దరికం చేజారిందన్న దిగులు, భార్య మీద ఆధారపడవలసిన కొత్త పరిస్థితి అన్నీ ఒకేసారి ఎదురవుతాయి. డిశ్చార్జి సమ్మరీలో వీటికి చోటు ఉండదు.

ఈ ఆలోచనకు ప్రయోగాల మద్దతు బలంగానే ఉంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన మేరీ నేలర్ బృందం ఫిలడెల్ఫియాలో 65 ఏళ్లు, అంతకు పైబడిన 363 మంది రోగులపై చేసి 1999లో ప్రకటించిన అధ్యయనంలో, ఉన్నత శిక్షణ పొందిన నర్సులు రోగి వార్డులో ఉండగానే పరిచయమై, డిశ్చార్జి అయిన తరువాత వారి ఇళ్లకు వెళ్లి, నాలుగు వారాలపాటు వారిని కనిపెట్టుకుని ఉన్నారు. 24 వారాలు గడిచేసరికి మామూలు పద్ధతిలో ఇంటికి వెళ్లినవారిలో 37.1 శాతం మంది మళ్లీ ఆసుపత్రిలో చేరగా, నర్సులు వెంట ఉన్నవారిలో అది 20.3 శాతం మాత్రమే. కొలరాడోలో ఎరిక్ కోల్‌మన్ బృందం 750 మందిపై చేసి 2006లో వెల్లడించిన ప్రయోగంలో, రోగికి తన మందులనూ ప్రమాద సూచనలనూ తానే గుర్తుపట్టగలిగేలా శిక్షణ ఇచ్చినప్పుడు, 30 రోజులలోపు తిరిగి చేరినవారు 11.9 శాతం నుంచి 8.3 శాతానికి తగ్గారు. అమెరికా ప్రభుత్వ బీమా సంస్థ 2012 నుంచి, రోగులు మితిమీరి తిరిగి చేరుతున్న ఆసుపత్రులకు చెల్లింపులు తగ్గించడం మొదలుపెట్టడంతో అక్కడ ఈ విషయం పరిశోధన స్థాయి దాటి పాలనా నియమంగా మారింది. ఈ ప్రయోగాలలో గమనించవలసింది కేవలం అంకెలు కాదు. నేలర్ పద్ధతిలో వార్డులో చూసిన నర్సే ఇంటికీ వెళ్లింది. ఫలితానికి అసలు ఆధారం ఆ ఒక్క మనిషి కొనసాగింపులోనే ఉన్నదని భావించడానికి తగిన కారణం ఉంది.

భారతదేశంలో జరిగిన ఒక పెద్ద ప్రయోగం ఇదే విషయాన్ని వేరే వైపు నుంచి చూపుతుంది. అటెండ్ అనే పేరుతో 14 ఆసుపత్రులలో 1,250 మంది పక్షవాత రోగులపై నిర్వహించిన ఈ ప్రయోగంలో, కుటుంబ సభ్యులకు ఆసుపత్రిలోనే వ్యాయామాలు, కదలికలు చేయించే తీరు నేర్పి, ఇంటి దగ్గర రెండు నెలల వరకు ఆ శిక్షణను కొనసాగించారు. 2017లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఆరు నెలల తరువాత మరణించినవారు, ఇతరులపై ఆధారపడి బతుకుతున్నవారు కలిపి, ఈ శిక్షణ అందిన వర్గంలోనూ మామూలు సంరక్షణ మాత్రమే అందిన వర్గంలోనూ 47 శాతమే. కుటుంబానికి నేర్పడం వృథా అని దీని అర్థం కాదు. బెంగళూరులోని నారాయణ హృదయాలయలో మొదలై తరువాత అనేక రాష్ట్రాల ప్రభుత్వ ఆసుపత్రులకు విస్తరించిన నూరా హెల్త్ కార్యక్రమం వార్డుల్లోనే కుటుంబాలకు నేర్పడాన్ని నర్సుల రోజువారీ పనిలో భాగం చేసింది, అది విలువైన పనే. అయితే శిక్షణ పొందిన వృత్తి నిపుణులు చేయవలసిన పనిని ఇంటివారి మీదకు నెట్టివేసి, వ్యవస్థ తన ఖర్చు తగ్గించుకోగలదన్న ఆశకు అటెండ్ ఫలితాలు గట్టి అడ్డుకట్ట వేశాయి. కుటుంబం నర్సుకు తోడు కాగలదే గాని నర్సుకు బదులు కాలేదు.

ఇంటిదాకా వెళ్లి చూస్తే సమస్య ఎంత సూక్ష్మమైనదో తెలుస్తుంది. షుగరు ఎక్కువై ఆసుపత్రిలో చేరి, ఇన్సులిన్‌తో ఇంటికి వెళ్లే రోగిని తీసుకుందాం. భారతదేశంలో సీసాలలో అమ్మే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్ల బలం గలది, పెన్నులలో వాడే కార్ట్రిడ్జిలు 100 యూనిట్ల బలం గలవి. సిరంజిలూ ఈ రెండు కొలతలలోనే దొరుకుతాయి, 40 కొలత సిరంజికి ఎర్ర మూత, 100 కొలత సిరంజికి నారింజ రంగు మూత ఉంటాయి. 40 బలం గల సీసా నుంచి నారింజ మూత సిరంజిలో 20వ గీత వరకు మందు తీస్తే శరీరానికి చేరేది 8 యూనిట్లే. 100 బలం గల మందును ఎర్ర మూత సిరంజిలో 20వ గీత వరకు తీస్తే చేరేది 50 యూనిట్లు, అది స్పృహ తప్పించి ప్రాణం మీదకు తెచ్చే మోతాదు. వార్డులో సిస్టరు స్వయంగా ఇంజెక్షన్ ఇచ్చినన్నాళ్లూ ఈ ప్రశ్నే రాదు. ఊళ్లో మందుల షాపువాడు చేతికందిన సిరంజి ఇచ్చిన రోజున అది వస్తుంది. సీసా మీది అంకె, సిరంజి మూత రంగు సరిపోల్చుకోవాలని ఒక్కసారి చెప్పి వదిలేయకుండా, రోగి చేతగానీ ఇంటివారి చేతగానీ సిరంజిలోకి మందు తీయించి చూసినప్పుడే వారికి వచ్చిందో లేదో తెలుస్తుంది. చెప్పిన విషయాన్ని విన్నవారి చేత వారి మాటల్లో తిరిగి చెప్పించడం, చూపిన పనిని వారి చేత తిరిగి చేయించడం అన్న ఈ పద్ధతి రోగి విద్యలో అత్యంత సరళమైనది. ఇంత అవసరమైన ఈ పద్ధతినే వార్డులలో తరచుగా వదిలేయడం విచారకరం.

ఆహారం విషయంలో అంతరం ఇంకా లోతుగా ఉంటుంది. ఆపరేషన్ అయినవారు పప్పు తింటే కుట్లు చీము పడతాయనీ, గుడ్డు, వంకాయ, గోంగూర వంటివి పత్యానికి పనికిరావనీ అనేక తెలుగు కుటుంబాలలో గట్టి నమ్మకం ఉంది. గాయం మానడానికి మాంసకృత్తులు అవసరమైన రోజులలోనే రోగికి చారు మెతుకులు, ఇడ్లీలు మాత్రమే పెడతారు. ‘బలమైన ఆహారం తీసుకోండి’ అని డిశ్చార్జి చీటీలో రాసిన వాక్యం ఈ నమ్మకం ముందు నిలబడదు, ఎందుకంటే పత్యం పెట్టేది రోగి కాదు, ఇంట్లోని అత్తగారో, అమ్మమ్మో. గుండె బలహీనపడిన రోగికి ‘ఉప్పు తగ్గించండి’ అని చెప్పినప్పుడు కూరలో ఉప్పు తగ్గిస్తారు గాని ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ కంచంలోకి యథాప్రకారం వస్తాయి. తిరువనంతపురం ప్రాంతంలో గుండె వైఫల్యంతో ఆసుపత్రుల్లో చేరిన 1,205 మందిని వెంబడించిన పరిశీలనలో 90 రోజుల్లోపు మరణించినవారు 18.1 శాతం. ఇంత ప్రమాదకరమైన కాలంలో రోజూ ఉదయాన్నే బరువు చూసుకోవడం, రెండు మూడు రోజుల్లో బరువు హఠాత్తుగా పెరిగితే ఒంట్లో నీరు చేరుతున్నదని గ్రహించి వెంటనే ఆసుపత్రికి కబురు చేయడం ప్రాణాన్ని నిలిపే నైపుణ్యాలు. అవి నేర్పవలసిన నర్సుకు ఆ ఇంటి కంచం, ఆ ఇంటి పెద్ద మాట తెలిసి ఉండాలి.

ఇక నర్సును తయారుచేసే విద్య వైపు చూద్దాం. భారత నర్సింగ్ మండలి 2021లో సవరించిన బీఎస్సీ నర్సింగ్ పాఠ్యప్రణాళిక సెమిస్టరు పద్ధతిలో, నైపుణ్యాల ఆధారంగా రూపొందింది, పాతదానికంటే మెరుగైనదనడంలో సందేహం లేదు. అందులో వయోజనుల ఆరోగ్య నర్సింగ్ మూడు, నాలుగు సెమిస్టర్లలో వస్తుంది, సామాజిక ఆరోగ్య నర్సింగ్ ఐదు, ఏడు సెమిస్టర్లలో వస్తుంది. ఈ అమరిక ఫలితంగా విద్యార్థిని రెండో సంవత్సరంలో వార్డులో ఒక రోగికి సంరక్షణ ప్రణాళిక రాసి, డిశ్చార్జి సలహాలు రాసి, మార్కులు పొందుతుంది. ఆ సలహాలు ఇంట్లో ఎంతవరకు పనికి వచ్చాయో ఆమెకు ఎన్నటికీ తెలియదు. సంవత్సరం గడిచాక సంచి భుజాన వేసుకుని ఊళ్లో ఇళ్లకు వెళ్తుంది, కుటుంబ సర్వే చేస్తుంది, రక్తపోటు చూస్తుంది, చార్టు పట్టుకుని ఆరోగ్య ప్రసంగం చేస్తుంది. ఆ ఇళ్లలో ఉన్నవారు ఆమె వార్డులో చూసిన రోగులు కారు. ఒకే రోగిని మంచం మీదా గుమ్మంలోనూ చూసే అవకాశం నాలుగేళ్ల చదువులో నియమంగా లేదు. తాను చెప్పిన మాట ఇంట్లో ఏమైందో చూడని విద్యార్థిని రేపు సిస్టరుగా అదే మాటను అదే తీరుగా చెబుతుంది. ఇందులో ఆమె తప్పు లేదు, ఆమెకు మరో తీరు చూపలేదు.

చరిత్రలో నర్సు పనీ రోగి ఇల్లూ మొదటి నుంచి ఇంత దూరంగా లేవు. లివర్‌పూల్‌లో విలియం రాత్‌బోన్ అనే వ్యాపారి తన భార్యను చివరి దశలో చూసుకున్న మేరీ రాబిన్సన్ అనే నర్సును 1859లో పేదల ఇళ్లకు పంపడంతోనే ఆధునిక గృహ నర్సింగ్ మొదలైంది. అలాగే మన దేశంలోనూ ఇంటికి వెళ్లే పద్ధతి పూర్తిగా కొత్తది కాదు. 2011లో మొదలైన ఇంటివద్ద నవజాత శిశు సంరక్షణ కార్యక్రమం ప్రకారం, ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్లాలి. ఏ రోజున ఎవరు వెళ్లాలో, వెళ్లి ఏమి చూడాలో అంతా నిర్ణయమై ఉంది. అదే ఇంట్లో పక్షవాతం వచ్చి ముక్కు గొట్టంతో ఇంటికి చేరిన తాతగారి దగ్గరికి ఏ రోజున ఎవరు వెళ్లాలో చెప్పే అటువంటి పట్టిక లేదు. ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ భారత్ వంటి పథకాలు ఆపరేషన్ ఖర్చును భరిస్తున్నాయి. ఆయుష్మాన్ భారత్‌లోని జన ఆరోగ్య యోజన డిశ్చార్జి తరువాత 15 రోజుల ఖర్చును కూడా కలుపుకుంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరులో మొదలైన ఆరోగ్య ఆసరా, కోలుకునే కాలంలో కూలి పోయినందుకు రోజుకు 225 రూపాయల చొప్పున, నెలకు గరిష్ఠంగా 5,000 రూపాయల భృతి ఇచ్చేలా రూపొందింది. కోలుకోవడం ఇంట్లో జరుగుతుందని ప్రభుత్వం అంగీకరించిన సందర్భమిది. డబ్బు ఇంటికి చేరే మార్గం ఏర్పడింది, నర్సు చేరే మార్గం ఏర్పడలేదు.

ఆ మార్గానికి కావలసిన మనుషులు మాత్రం ఇప్పటికే ఉన్నారు. 2018 నుంచి ఆయుష్మాన్ భారత్ కింద ఉపకేంద్రాలలో నియమితులవుతున్న కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లలో చాలామంది నర్సింగ్ చదివినవారే. తెలంగాణలోని పల్లె దవాఖానాలలో, ఆంధ్రప్రదేశ్ గ్రామ ఆరోగ్య కేంద్రాలలో వీరు పనిచేస్తున్నారు. పంపే చోట ఒక నర్సు, అందుకునే చోట మరో నర్సు ఉన్నారు, మధ్యలో మాట మాత్రం లేదు. వార్డు సిస్టరు రాసిన డిశ్చార్జి నోటు సాధారణంగా రోగి ఫైలులోనే మిగిలిపోతుంది, రోగి చేతికి వచ్చేది ఇంగ్లీషులో ఉన్న వైద్యుని సమ్మరీ. డిజిటల్ ఆరోగ్య ఖాతాల వల్ల కాగితం పోయే బాధ తగ్గవచ్చు గాని, కంప్యూటరులో నమోదైనంత మాత్రాన ఒక నర్సు మరో నర్సుతో మాట్లాడినట్లు కాదు.

కనుక మార్పు తరగతి గదితో ఆరంభం కావాలి. ప్రతి విద్యార్థినికీ వయోజనుల వార్డులో ఉండగానే ఒకరిద్దరు రోగులను కేటాయించి, వారు ఇంటికి వెళ్లిన వారంలోపు ఒకసారి, నెలలోపు మరోసారి అధ్యాపకురాలితోనో స్థానిక హెల్త్ ఆఫీసరుతోనో కలిసి వారి ఇంటికి వెళ్లడాన్ని పాఠ్యప్రణాళికలో తప్పనిసరి చేయడం సాధ్యమే. దూరప్రాంతాల రోగుల విషయంలో ఫోను ద్వారానైనా ఈ పని జరగవచ్చు, అయితే అన్నీ ఫోనుతో సరిపెట్టడం తగదు, గుమ్మం ఎత్తు, మరుగుదొడ్డి దూరం, మందులు పెట్టే గూడు ఫోనులో కనిపించవు. కేస్ స్టడీకి ఇచ్చే మార్కులలో కొంత భాగాన్ని, డిశ్చార్జి సమయంలో ఇచ్చిన సలహాలలో ఏవి నిలిచాయి, ఏవి ఎందుకు నిలవలేదు అన్న నివేదికకు కేటాయించాలి. వార్డులో చెప్పించి, చేయించి చూసే నైపుణ్యాన్ని ప్రాక్టికల్ పరీక్షలో ఇంజెక్షన్‌తో, డ్రెస్సింగుతో సమానంగా పరీక్షించాలి. ఈ బోధనంతా రోగి మాట్లాడే తెలుగులో, ఆయా జిల్లాల పలుకులో జరగాలి. ఇంగ్లీషులో చదివి ఇంగ్లీషులోనే పరీక్ష రాసే విద్యార్థినికి ‘ఆయాసం’, ‘ఒంటికి నీరు పట్టడం’, ‘తిమ్మిర్లు’ అన్న మాటల వెనుక ఉన్న లక్షణాలను రాబట్టే అభ్యాసం ప్రత్యేకంగా కల్పించకపోతే రాదు.

అధ్యాపకులు చాలరనీ, రవాణా ఖర్చు అవుతుందనీ అభ్యంతరాలు రావచ్చు. సామాజిక నర్సింగ్ పోస్టింగులకు కళాశాలలు ఇప్పటికే బస్సులు నడుపుతున్నాయి, అదనంగా కావలసింది ఆ పోస్టింగులను వార్డు రోగులతో ముడివేసే ఆలోచన. బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలన్న భారత నర్సింగ్ మండలి ప్రమాణం అమలు కాని వార్డులలో మాత్రం ఎంత మంచి శిక్షణ పొందిన నర్సుకైనా డిశ్చార్జి రోజున కూర్చుని మాట్లాడే తీరిక దొరకదు, కాబట్టి నియామకాల పోరాటాన్ని విద్యా సంస్కరణ పక్కకు నెట్టరాదు. నర్సింగ్ మండలి స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ ఏర్పాటుకు 2023లో పార్లమెంటు చట్టం చేసింది. ఆ కమిషన్ రాబోయే పాఠ్యప్రణాళికను రాసేటప్పుడు వార్డు పోస్టింగునూ ఇంటి సందర్శననూ ఒకే రోగి చుట్టూ కలపాలని తెలుగు రాష్ట్రాల నర్సింగ్ కళాశాలల ప్రిన్సిపాళ్లు, ఆరోగ్య విశ్వవిద్యాలయాల నర్సింగ్ పాఠ్య సంఘాలు ఇప్పుడే లిఖితపూర్వకంగా కోరాలి.