ఓరుగంటి అంగడి, దాని వారసులు

వర్తకుని ధనమునకు గండములు రెండు. సరకు దారిలో నుండు కాలము ఒకటి, యజమాని కన్నుమూసిన దినము రెండవది. ఈ రెండు వేళలందును పాలకుడు చేయి చాచుట క్రొత్త కాదు. ఓరుగల్లు రాజధానిగా ఏలిన గణపతిదేవ చక్రవర్తి 1244-45లో మోటుపల్లి రేవున వేయించిన అభయ శాసనము మొదటి గండమును గురించినది. తుఫానులో చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వరాజులు బలిమితో గైకొనెడివారనియు, తాను న్యాయమైన సుంకము మాత్రమే తీసికొందుననియు ఆయన అందు చెప్పెను. రెండవ గండము నేటి ప్రసంగమునకు విషయము.

భారత ఆదాయపు పన్ను చట్టము 1950 ఏప్రిల్ 1 నుండి హైదరాబాదు రాష్ట్రమునకు వర్తించినది. వరంగల్లు వర్తకులు ఆ లెక్కలకు అలవాటు పడుచుండగనే, 1953 అక్టోబరు 15న ఎస్టేటు డ్యూటీ, అనగా మరణ సుంకము, అమలులోనికి వచ్చెను. అప్పటి ఆర్థికమంత్రి చింతామణి దేశముఖ్ గారు. గొప్ప సంపదలు కొన్ని వంశములందే పేరుకొనిపోరాదనుట దాని ఉద్దేశము. ఆ ఉద్దేశమును నేను తప్పుపట్టను. బ్రిటనులో 1894లోనే ఇట్టి సుంకమును విధించిరి. కాని అచ్చట ఆస్తి ఒక మనిషిది. మన బట్టల బజారులోని దుకాణము తరచుగా ఒక మనిషిది కాదు. గద్దెపై తండ్రి కూర్చుండును, ఖాతా ఆయన పేరనే నడచును. అయినను అది పూర్వార్జితమైనచో, మితాక్షర న్యాయము ప్రకారము కుమారునకు పుట్టుకతోనే అందు హక్కు కలదు.

ఒక లెక్క చూతము. అవిభక్త కుటుంబపు అంగడి మూడు లక్షల విలువ గలది అనుకొందము. తండ్రి, ఇద్దరు కుమారులు, ఒక కూతురు. తల్లి ముందే గతించినది. తండ్రి మరణించినపుడు ఆయన వాటా ఒక లక్ష. మొదటి చట్టములో సమష్టి ఆస్తిలోని వాటాకు 50,000 రూపాయల వరకే మినహాయింపు; స్వంత ఆస్తికైనచో లక్ష వరకు.  అదే కుటుంబము తండ్రి జీవించియుండగనే పంపకపు దస్తావేజు వ్రాసికొని, భాగస్తులుగా వ్యాపారము సాగించినచో,  తండ్రి లక్ష మినహాయింపులోనే ఇమిడిపోవును. ఆదాయపు పన్ను సైతము ముగ్గురిపై విడివిడిగా పడి తేలికయగును. బోర్డు మారలేదు, గుమాస్తా మారలేదు, మారినది కాగితమే.

అట్లు చేయుటకు వేరొక కారణమును కలదు. అంగడి కలిమి నగదులో ఉండదు. కొంత బేళ్లలో, కొంత పల్లెల అరువు పద్దులలో ఉండును. సుంకము మాత్రము నగదుగా చెల్లింపవలెను. అందుచేతనే ఆ సుంకము చెల్లించుట కొరకు చేసికొన్న బీమా సొమ్మునకు 50,000 రూపాయల వరకు చట్టమే మినహాయింపు నిచ్చెను. చావునకు పన్ను, పన్నునకు బీమా!

ప్రజలు ఒక దారి కనిపెట్టినకొలది చట్టము వెంటబడెను. మరణమునకు ముందు రెండేండ్లలోపల ఇచ్చిన దానములు మృతుని ఆస్తిలోనే చేరునని మొదటనే ఉండెను. 1958లో దానపు పన్ను వచ్చినది. సమష్టి, స్వంత ఆస్తుల మినహాయింపులలోని భేదమును ఆ సంవత్సరపు సవరణ చట్టమే తొలగించెను. 1978 డిసెంబరు 31 తరువాత జరిగిన పాక్షిక విభాగములను ఆదాయపు పన్ను శాఖ గుర్తింపదని మరియొక సవరణ వచ్చెను. తుదకు 1985లో ఆర్థికమంత్రి విశ్వనాథ ప్రతాప సింగు గారు మరణ సుంకమునే రద్దుచేసిరి. దానివలన ఏటా వచ్చునది సుమారు 20 కోట్లే. వసూలు వ్యయము చూడగా అది గిట్టుబాటు కాలేదు.

సుంకము పోయినది గాని దస్తావేజులు పోలేదు. 1985 సెప్టెంబరు 5 నుండి ఆంధ్రప్రదేశ్‌లో కూతురునకు కూడ పుట్టుకతో సమష్టి ఆస్తిలో హక్కు కలిగెను. అయితే అంతకుముందే వివాహమైన కూతురునకును, అంతకుముందే జరిగిన విభాగమునకును అది వర్తింపదు. 2005లో కేంద్ర చట్టము వివాహపు ఆంక్షను తొలగించినది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకములను, కోర్టు డిక్రీలను మాత్రము కదలింపలేదు. మన లెక్కలోని కూతురును తలచుకొనుడు. పంపకము 1960లో జరిగి, తండ్రి వీలునామా లేక మరణించినచో, ఆయన లక్షలో మూడవవంతు, 33,333 రూపాయలు, ఆమెకు చెందును. అదే అంగడి 2005 తరువాత కూడ అవిభక్తముగా నిలిచియుండి, అటుపిమ్మట తండ్రి మరణించినచో, విలువ మారలేదనుకొన్నను, ఆమెకు వచ్చునది పూర్తిగా లక్ష. ఆ పత్రములు వ్రాసినవారు ఆడపిల్లను వంచింపబూనిరని నేననను. సమష్టి ఆస్తిలో ఆమెకు నాడు భాగమే లేదు గనుక ఆమె తలపునకు రాలేదు. అయినను పన్నునకై వ్రాసిన గీత ఆమె ముందు గోడయై నిలిచెను.

ఇప్పుడు మరణమునకు సుంకము లేదు. తండ్రి బిడ్డలకిచ్చు దానముపై పుచ్చుకొన్నవారికి ఆదాయపు పన్నును లేదు. ఒక చిత్రము: వ్యాపారపు లాభమును బ్రతికియుండగనే దానమీయవచ్చును, వెనుకటి సంవత్సరముల నష్టమును లెక్కలో తగ్గించుకొను హక్కు మాత్రము వారసత్వము వలననే బిడ్డలకు దక్కును. పాత పంపకపు పత్రము గల కుటుంబములు దానిని పెట్టెనుండి తీసి మూడు సంగతులు చూడవలెను: అది రిజిస్టరైనదా, అందు అంగడి చేరినదా, 1978 తరువాతి పాక్షిక విభాగమా. ఈ చివరిదైనచో, అన్నదమ్ములు వేరుపడితిమని ఎంచుకొన్నను, పన్ను లెక్కలలో ఆ అంగడి ఇంకను సమష్టి కుటుంబపుదే.