పాతకఱ్ఱ వన్నె

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండినవి. ఒక పాత ఇంటినుండి విరాళముగ వచ్చిన టేకు బీరువా సరసన ఈ సంవత్సరము క్రొత్త టేకుతో చేయించిన అరలు చేరుచున్నవి. రెండింటి వన్నె కలియలేదు. అన్నిటికిని ఒకే ముదురు రంగు దట్టముగ పూయించినచో చూపునకు బాగుండునని కొందరి అభిప్రాయము. ఒకమారు పూసిన పిదప పాత వన్నెను మరల తెచ్చుకొనుట సులభము కాదు. కావున ఆ వన్నె ఎట్లు కలిగినదో, మన పూర్వులు కఱ్ఱకు వన్నె నెట్లు దిద్దిరో ముందుగ విచారించుట యుక్తము.

కఱ్ఱసామానును గూర్చిన విచారము మన దేశమునకు క్రొత్త కాదు. క్రీస్తు శకము 6వ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితలో మంచములకును ఆసనములకును ఒక అధ్యాయమునే కేటాయించి, వానికి తగిన వృక్షములను పేర్కొనెను. టేకు, తుమికి, చందనము, దేవదారు అందు కలవు. ఇక లక్క మాటకు వచ్చినచో వారణావతమునందలి లాక్షాగృహమును ఎరుగని వారెవ్వరు? వేడికి కరగుట, త్వరగా అంటుకొనుట లక్కకు సహజగుణములు. పురోచనుడు ద్రోహమునకు వినియోగించిన ఆ వస్తువునే మన పనివారు మెరుగునకు వినియోగించిరి.

మోదుగు, రేగు మున్నగు చెట్ల కొమ్మలపై నివసించు సూక్ష్మకీటకములు స్రవించు జిగురే లక్క. దానినుండి ఎఱ్ఱని రంగు ఒకటి, మెరుగునిచ్చు బంక ఒకటి, రెండు వస్తువులు లభించును. వరాహనదీ తీరమునందలి ఏటికొప్పాకలో అంకుడు కఱ్ఱను తరిమెన పట్టి త్రిప్పుచు, రంగు కలిపిన లక్కకడ్డీని దానికి ఒత్తుదురు. ఒరపిడి వేడికి లక్క కరగి కఱ్ఱనంటును. రసాయనపు రంగులు వ్యాపించిన పిదప అచ్చట చెట్టు చేమల రంగులను పునరుద్ధరించుటకు పాటుపడిన శ్రీ సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ లభించినది. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినది.

విశాఖపట్టణపు దంతపు చెక్కడపు సామాను 18వ శతాబ్దిలోనే సీమదొరల మన్ననలను పొందెను. 1756లో ఈ తీరమునకు వచ్చిన జాన్ కార్నెయిల్ అను సైనికాధికారి ఆ పనితనమును మెచ్చి వ్రాసియున్నాడు. లండనునందలి విక్టోరియా ఆల్బర్టు మ్యూజియములో ఆ సామాను నేటికిని కలదు. నల్లని కఱ్ఱలో తెల్లని దంతమును పొదిగి, దంతముపై సన్నని గీతలు గీసి, ఆ గీతలలో నల్లలక్క నింపెడివారు. ఇందు గమనింపదగిన విశేష మొకటి కలదు. నలుపు కావలసినచోట ఆ పనివారు నల్లని కఱ్ఱనే ఏరుకొనిరి. కఱ్ఱ స్వభావమును రంగుతో కప్పలేదు.

మన బొబ్బిలి వీణను చూడుడు. గొల్లపల్లి శిల్పులు దానిని పనసకఱ్ఱతో తొలుతురు. క్రొత్తగ కోసిన పనస పసుపుపచ్చగ నుండును. ఏండ్లు గడచినకొలది గాలి వెలుతురుల వలన ఎఱుపు కలిసిన గోధుమవన్నెకు తిరుగును. టేకు కోసినపుడు ఆకుపచ్చని చారలతో నుండి, పిదప బంగారువన్నెకు మారును. ఇరుగుడు అట్లుకాదు. అది వెలుతురున క్రమముగ వెలిసిపోవును. కావున పాతకఱ్ఱ యన్నంతమాత్రమున నల్లగ నుండవలెనను భావము సరికాదు. ప్రతి కఱ్ఱయు తనదైన తీరున ముసలిదగును. పాతబీరువా సొరుగును లాగి లోపలి చెక్కను, వెలుపలి చెక్కను పోల్చినచో ఈ సంగతి తేటపడును.

క్రొత్త కఱ్ఱకు అట్టి వన్నె దెచ్చుటకు మనకు తెలిసిన వస్తువులే చాలును. చండ్రచెట్టు చేవనుండి తీసిన కాచు గోధుమవన్నె నిచ్చును. తాంబూలమున సున్నము తోడై నోరు పండునట్లు, కాచు పూసిన చెక్కకు పలుచని సున్నపునీరు తగిలిన ఎఱుపు తిరుగును. నలుపు కావలెనన్నచో ఇనుము, వగరు కలియవలెను. పూర్వము కరక్కాయ, అన్నభేది కలిపి సిరా చేసినదియు, కలంకారీవారు ఇనుపముక్కలను బెల్లపునీట ఊరవేసి నల్లరంగు తీయునదియు ఈ సూత్రముననే. తుమ్మవంటి వగరుకఱ్ఱ ఆ నీటికి నల్లబడును. పసుపు మాత్రము ఎండకు నిలువదు. 1856లో ఇంగ్లండునందు పెర్కిన్ కృత్రిమపు రంగును కనుగొన్న పిదప అంగడి రంగులు సులభమైనవి. వానిని వాడుటలోను దోషము లేదు. అయితే చెక్క నరములు కనబడునట్లు రంగు పలుచగ నుండవలెను.

ఏ రంగైనను ముందు అదే కఱ్ఱ తుండుపై పరీక్షింపవలెను. తుండును తడిపి ఆరనిచ్చి, లేచిన నూగును గరుకు కాగితముతో రుద్దవలెను. పిదప పలుచని పూతలు రెండుమూడు వేసి, ప్రతిదానిని ఆరనిచ్చి, పైన లక్క మెరుగును కూడ పట్టించి, పాతబీరువా ప్రక్కన పగటి వెలుతురునను దీపపు వెలుతురునను చూడవలెను. మెరుగు పెట్టిన పిదప రంగు ముదురుగ కనబడును గనుక తొందరపడరాదు. క్రొత్త టేకు తనంతతాను కొంత మారును గనుక ఒక పాలు తక్కువగ ఆపుటయే మేలు. లక్క మెరుగునకు నీటిచెమ్మ తగిలిన తెల్లమచ్చ పడును. కాని స్పిరిటుతో దానిని కరగించి మరల సరిదిద్దవచ్చును. అవిసెనూనె వాడినచో, ఆ గుడ్డలను ముద్దగ పడవేయరాదు. అవి తమంతట తామే వేడెక్కి మండగలవు. పుస్తకములున్న చోట ఈ జాగ్రత్త మరింత అవసరము.

ఇంతకును నా మనవి ఇది. పాతబీరువాను మెత్తని గుడ్డతో తుడిచి, అవసరమైనచోట పలుచని లక్క మెరుగు పట్టించి విడువవలెను. క్రొత్త అరలనే దాని వన్నెకు చేర్చవలెను. లెక్కలు వ్రాయువాడు పాత పద్దును గీకి దిద్దడు, క్రింద క్రొత్త పద్దు వ్రాయును. ఆ న్యాయముననే క్రొత్త అరల అడుగున అవి చేసిన సంవత్సరమును, వాడిన రంగును చిన్న అక్షరములతో వ్రాయింపుడు. స్వర్ణోత్సవము జరుపు మన పిల్లలు ఏది పాతదో, ఏది మన నాటిదో అడుగు చూచి తెలిసికొందురు.