గుబులు పట్టిన రోడ్డు

సాయంత్రం ఆరున్నర. హైదరాబాద్ శివారులో యాప్రాల్ నుంచి కౌకూర్ వైపు నడుస్తున్నారు మీరు. ఒక పక్క మిలిటరీ వాళ్ల గోడ, దాని మీద ముళ్లకంచె. గోడకవతల వేపచెట్లు, ఆ వెనక ఎవరో తీరిగ్గా పేర్చిపెట్టినట్టు బండరాళ్లు. రెండో పక్క కొత్త అపార్ట్‌మెంట్లు. గాలి ఇటు తిరిగినప్పుడల్లా జవహర్‌నగర్ డంపింగ్ యార్డు వాసన ఒక్క క్షణం ముక్కుకు తగిలి పోతోంది. ఇద్దరు స్నేహితులు ప్లాట్ల రేట్లు మాట్లాడుకుంటూ పది అడుగులు ముందుకెళ్లిపోయారు. మీరు ఆగారు. ఎందుకాగారో మీకే తెలియదు. ఏమీ జరగలేదు. కానీ గుండెల్లో ఏదో పట్టేసినట్టుంది, కాళ్లల్లో సత్తువ లేదు.

ఇప్పుడు దీన్ని బొమ్మ వెయ్యాలి. ఎలా వేస్తారు?

చెయ్యి తిరిగిన చిత్రకారుడైతే మీ ముఖం వేస్తాడు. నుదుటి మీద చెమట, ముడిపడ్డ కనుబొమలు. వెనకాల గోడ గోడలాగే, చెట్టు చెట్టులాగే ఉంటాయి. చూసినవాళ్లు 'పాపం, ఈయనకేదో బాధ' అనుకుని పక్క బొమ్మ దగ్గరికి వెళ్లిపోతారు. గుబులు మీకుంది, వాళ్లకు అంటలేదు.

ఆ రోడ్డు మీంచి ఇంకో రోడ్డు మీదికి రండి. ఓస్లో నగరం పైన ఎకెబర్గ్ గుట్ట. అప్పట్లో ఆ ఊరి పేరు క్రిస్టియానియా. కింద సముద్రపు పాయ, పక్కన కర్ర రెయిలింగ్. ఇక్కడా ముందు ఇద్దరు స్నేహితులు నడిచిపోతున్నారు. నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ మూంక్ ఆగిపోయి రెయిలింగ్‌కు ఆనుకున్నాడు. పొద్దు కుంకి ఆకాశం నెత్తురు రంగుకు తిరిగింది, ప్రకృతి మొత్తాన్ని చీల్చుకుంటూ ఒక అరుపు సాగిపోతున్నట్టు తనకు అనిపించిందని 1892 జనవరిలో డైరీలో రాసుకున్నాడు. ఐదేళ్ల వయసులో తల్లిని, పద్నాలుగేళ్లు నిండకముందే అక్క సోఫీని క్షయకు పోగొట్టుకున్నవాడు. చెల్లెలు లారా మానసిక వైద్యశాల పాలైంది. గుబులు అతనికి వెతుక్కునే పని లేని వస్తువు. అతను వెతుక్కున్నది దాన్ని వెయ్యడం ఎలాగన్నదే.

అదంత తేలిగ్గా దొరకలేదు. 1892లో వేసిన 'నిరాశ' చూడండి. అదే రెయిలింగ్, అదే ఎర్రటి ఆకాశం. టోపీ పెట్టుకున్న మనిషి పక్కకు తిరిగి కిందికి చూస్తున్నాడు. మంచి బొమ్మే. కానీ ఆ మనిషి బాధ ఆ మనిషిదే, మనం దూరం నుంచి చూస్తుంటాం. మరుసటి ఏడాది మూంక్ ఆ మనిషిని మన వైపు తిప్పాడు. టోపీ తీసేశాడు, జుట్టు తీసేశాడు, ఆడో మగో తెలియకుండా చేశాడు. అదే 1893 నాటి 'అరుపు'.

ఇంకా దగ్గరికి రండి. కాన్వాసు కూడా కాదు, మామూలు అట్ట మీద వేశాడు. చాలాచోట్ల రంగు కింద అట్ట కనబడుతూనే ఉంది. ముఖాన్ని మీ అరచేత్తో మూసేయండి. గుబులు తగ్గిందా? తగ్గలేదు. ఆకాశం అలలు అలలుగా వంకర్లు తిరుగుతోంది, నీళ్లూ అవే వంకర్లు తిరుగుతున్నాయి. ఆ వంకరే దిగి వచ్చి మనిషి ఒంట్లోకి దూరింది. ఆ ఒంటికి తనదంటూ అంచు లేదు. లోపల ఏదో బయట ఏదో తెలియడం లేదు. ఇన్ని వంకర్ల మధ్య రోడ్డూ రెయిలింగూ మాత్రం గీత గీసినట్టు తిన్నగా, ఏటవాలుగా మీ మీదికి దూసుకొస్తాయి. వాటి రెండో చివరన ఆ ఇద్దరు స్నేహితులు నిటారుగా, ఏ వంకరా అంటకుండా నడుస్తున్నారు. వాళ్లకేం వినబడలేదు. నాకు ఈ బొమ్మలో అన్నిటికంటే భయం వేసేది వాళ్లిద్దరి దగ్గరే.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ఆ మనిషి అరవడం లేదని మూంక్ రాతల్ని బట్టే అర్థమవుతుంది. అరుపు బయటి నుంచి వస్తోంది, ఆ మనిషి చెవులు మూసుకుంటోంది. ఫోన్లో ఇమోజీ చేసినవాళ్లు ముఖాన్నీ చేతుల్నీ ఉంచి ఆకాశాన్నీ రోడ్డునీ కోసిపారేశారు. బొమ్మలో పనిచేసే భాగమంతా పోయింది, జోకు మిగిలింది.

ఆ అట్ట మీద ఎడమ పైమూలన పెన్సిల్‌తో సన్నగా ఒక వాక్యం ఉంది, ఇది పిచ్చివాడు మాత్రమే వేయగలిగిన బొమ్మ అన్న అర్థంలో. ఎవడో వచ్చినవాడు గీకిపోయాడని చాలాకాలం అనుకున్నారు. ఓస్లోలోని జాతీయ మ్యూజియం వాళ్లు పరారుణ ఫోటోలు తీసి, చేతిరాత పోల్చి, అది మూంక్ రాసిందేనని 2021లో తేల్చారు. పిచ్చివాడు ఒకే బొమ్మను పేస్టల్‌తో ఒకసారి, రాతి అచ్చుతో ఒకసారి, 1910 ప్రాంతంలో మళ్లీ రంగులతో ఒకసారి ఇంత ఓపిగ్గా వెయ్యడు. వణుకు గుండెల్లో ఉండొచ్చు, చేతిలో మాత్రం లేదు.

తర్వాతి బొమ్మకు మిమ్మల్ని మళ్లీ యాప్రాల్ తీసుకొస్తాను, ఎందుకంటే దీన్ని చూపించాల్సింది ఇక్కడే. ఫౌజులో చేసి రిటైరైనవాళ్లు ఇళ్లు కట్టుకుని స్థిరపడ్డ ఊరిది. పక్కింటి సుబేదార్ గారిని వరండాలో కూచోబెట్టి ఫోన్లో బొమ్మ చూపిస్తున్నారనుకోండి. జర్మన్ చిత్రకారుడు ఎర్న్‌స్ట్ లుడ్విగ్ కిర్ష్‌నర్ 1915లో తన్ను తాను సిపాయిగా వేసుకున్న బొమ్మ. యూనిఫాం, భుజం పట్టీ మీద 75 అంకె, నోట్లో సిగరెట్టు. పసుపు తిరిగిన కోసు ముఖం. కళ్లల్లో పాపలు లేవు. పైకెత్తిన కుడి చెయ్యి మణికట్టు దగ్గర తెగిపోయి, నెత్తురోడుతూ ఉంది. వెనకాల బట్టల్లేని మోడల్, వేస్తున్న కాన్వాసు.

"ఏ లడాయిలో పోయింది సార్ చెయ్యి?" అంటారాయన.

పోలేదు. కిర్ష్‌నర్ యుద్ధంలోకి వెళ్లనే లేదు. హాలే పట్టణంలో 75వ ఫీల్డ్ ఆర్టిలరీ రెజిమెంటులో శిక్షణలో ఉండగానే మనసు చెదిరి, ఇంటికి పంపేశారు. రెండు చేతులూ క్షేమం.

"మరి అబద్ధం కదండీ?"

ఇక్కడ తడుముకోకండి. కెమెరా లెక్కన అబద్ధమే. కానీ చిత్రకారుడికి రాత్రిళ్లు వచ్చే భయం ఏమిటి? చెయ్యి పోవడమే. రేపు జరుగుతుందేమోనన్న దాన్ని ఈరోజే జరిగిపోయినట్టు చూపించడం గుబులు స్వభావం. కిర్ష్‌నర్ ఆ స్వభావాన్ని ఉన్నదున్నట్టు వేశాడు. పరేడ్ గ్రౌండ్ చూసినవాళ్లకు ఈ సంగతి నాకంటే బాగా అర్థమవుతుంది.

నాజీలకు మాత్రం అర్థం కాలేదు, లేదా బాగానే అర్థమైంది. ఫ్రాంక్‌ఫర్ట్ మ్యూజియంలో ఉన్న ఈ బొమ్మను లాక్కుపోయి, 1937 జూలై 19న మ్యూనిక్‌లో మొదలైన 'పతిత కళ' ప్రదర్శనలో పేరు మార్చి, వెక్కిరింతకు వేలాడదీశారు. జర్మన్ మ్యూజియంల నుంచి కిర్ష్‌నర్ బొమ్మలు 600కు పైగా స్వాధీనం చేసుకున్నారు. 1938 జూన్ 15న దావోస్ దగ్గర అతను తుపాకీతో కాల్చుకున్నాడు. ఆ సిపాయి బొమ్మ ఇప్పుడు అమెరికాలో, ఓబర్లిన్ కళాశాల మ్యూజియంలో ఉంది.

మన దగ్గర? యాప్రాల్‌కు కూతవేటులో అల్వాల్ ఉంది, గద్దర్ బతికిన చోటు. ఆయన కనిపించి పాడిన 'రంగుల కల' సినిమా 1983 నాటిది. దర్శకుడు బి. నర్సింగరావే అందులో చిత్రకారుడు. గ్యాలరీకీ బస్తీకీ మధ్య నలిగే ఆ పాత్ర చూస్తే, బొమ్మలో గుబులు ఎవరిది కావాలన్న పేచీ తెలుగులో కూడా నడిచిందని తెలుస్తుంది. అయితే గీతలో గుబులు చూడాలంటే చిత్రకారుడు లక్ష్మాగౌడ్ దగ్గరికే వెళ్లాలి. మూంక్, కిర్ష్‌నర్‌ల లాగా లోపలి భావం కోసం లోకాన్నే వంచి వేసేవాళ్లను ఎక్స్‌ప్రెషనిస్టులంటారు; ఆయన మీద ఆ ముద్ర నేను వెయ్యను. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టి, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకుని వచ్చాడు. 1970ల నాటి ఆయన ఎచింగుల్లో ఊరి ఆడామగా, మేకలు, చెట్లు అన్నీ ఒకే కోరికతో, ఒకే కలవరంతో మెలికలు పడి ఉంటాయి.

ఎచింగ్ ఎలా పుడుతుందో ఊహించుకోండి. జింకు రేకు మీద మైనపు పూత. సూదితో గీస్తే పూత చీలి లోహం బయటపడుతుంది. రేకును నీళ్లు కలిపిన నత్రికామ్లంలో ముంచితే గీసిన చోటల్లా ఆమ్లం కొరుకుతుంది, బుడగలు లేస్తాయి. ఎంతసేపు ఉంచితే గీత అంత లోతు, అంత నలుపు. తర్వాత సిరా పట్టించి, తుడిచి, తడి కాగితం పరిచి ప్రెస్సులో నొక్కుతారు. ఇలా లోహాన్ని కొరికి పుట్టిన గీత నునుపుగా ఉండమన్నా ఉండదు. ఆ మేక ముఖంలో ఏ భావమూ లేకపోయినా, దాని ఒంటి మీది గీతలు చూస్తే మీకు ఒళ్లు జలదరిస్తుంది.

లక్ష్మాగౌడ్ ఎచింగ్ అసలు కాపీ ఎక్కడైనా ప్రదర్శనలో పెట్టారని తెలిస్తే తప్పక వెళ్లండి. ఫోన్లో చూస్తే ఆ గీత లోతు తెలియదు. వెళ్లాక ఇది ఎవరి బొమ్మ, ఏం కథ అని అడగడం కాసేపు ఆపండి. ముందు వెనకాల ఉన్నదంతా చూడండి, తర్వాత గీత ఎటు లాగుతోందో చూడండి. ముఖాన్ని చివరికి ఉంచుకోండి.