గర్భిణుల్లో ఆయాసం: ఏది మామూలు? ఎప్పుడు వెంటనే 108కి కాల్ చేయాలి?

నాలుగు మెట్లు ఎక్కితే దమ్ము.. ఫోన్‌లో కాసేపు మాట్లాడినా దమ్ము. కడుపుతో ఉన్నవాళ్లు ఈ మాట అనగానే ఇంట్లో వచ్చే జవాబు ఒకటే.. ‘నెలలు నిండుతుంటే అంతే ఉంటది’. చాలాసార్లు అది నిజమే. గర్భిణుల్లో సగానికి పైగా మందికి ఏదో ఒక దశలో ఆయాసం వస్తుంది. కానీ గుండె జబ్బు, రక్తహీనత, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ కూడా మొదట ఇలాగే బయటపడొచ్చు.

గర్భం వచ్చిన తొలి నెలల నుంచే ప్రొజెస్టిరాన్ హార్మోన్ వల్ల శ్వాస లోతుగా మారుతుంది. నిమిషానికి పీల్చే గాలి 30 నుంచి 50 శాతం పెరుగుతుంది. అందుకే పొట్ట కనిపించకముందే కొందరికి గాలి చాలట్లేదు అనిపిస్తుంది. ఈ ఆయాసం మెల్లగా మొదలవుతుంది, కూర్చుంటే తగ్గుతుంది. దగ్గు, ఛాతీ నొప్పి ఉండవు. ఊపిరి లోతు పెరుగుతుంది కానీ లెక్క పెద్దగా పెరగదు. ఊరికే కూర్చున్నా నిమిషానికి 20 సార్లు దాటుతోందంటే, ఆక్సీమీటర్‌లో 95 కన్నా తక్కువ చూపిస్తోందంటే ఆ రోజే డాక్టర్‌కు చూపించుకోవాలి.

అన్నిటికన్నా పట్టించుకోవాల్సింది రాత్రి పూట ఆయాసం. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక రెండు మూడు దిండ్లు వేసుకోవాల్సి రావడం, నిద్రలో దమ్ముతో ఉలిక్కిపడి లేవడం గుండె జబ్బుకు గుర్తు కావొచ్చు. చిన్నప్పుడు కీళ్లవాతం జ్వరంతో గుండె కవాటం దెబ్బతిన్న సంగతి, గర్భంతో రక్తం 40-50 శాతం పెరిగాకే బయటపడటం మన దగ్గర కొత్తేం కాదు. ఎకో పరీక్ష తీస్తే తేలిపోతుంది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఇంకో విషయం ఉంది. ఒళ్లో చాట పెట్టుకుని గంటల తరబడి బీడీలు చుట్టేవాళ్లు తంబాకు దుమ్ము పీలుస్తారు. సాంచాల దగ్గర నూలు ధూళి. డాక్టర్ అడగరు, మనం చెప్పం! వెల్గటూర్ పీహెచ్‌సీకి వెళ్లినా, జగిత్యాల మాతా శిశు ఆసుపత్రికి వెళ్లినా ఏం పని చేస్తారో ముందే చెప్పండి. దగ్గు రెండు వారాలు దాటితే టీబీ పరీక్ష అడగండి. ఆస్తమా ఉన్నవాళ్లు బిడ్డకు ఏమవుతుందోనని ఇన్‌హేలర్ సొంతంగా ఆపేయొద్దు. మందు కన్నా ఆయాసమే బిడ్డకు ఎక్కువ ప్రమాదం. హిమోగ్లోబిన్ 11 కన్నా తగ్గితే రక్తహీనత, 7 కన్నా తగ్గితే ఆసుపత్రిలోనే చికిత్స.

ఉన్నట్టుండి ఊపిరాడకపోయినా, ఛాతీలో పొడిచినట్టు నొప్పి, దగ్గితే రక్తం, పెదాలు నీలంగా మారడం, స్పృహ తప్పడం.. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా 108కే కాల్ చేయండి. 102 అమ్మఒడి వాహనం మామూలు చెకప్‌లకు. ఒక కాలు మాత్రమే వాచి ఆయాసం వస్తే రక్తం గడ్డ అయి ఉండొచ్చు. తలనొప్పి, ముఖం వాపుతో వస్తే బీపీ చూపించండి, 140/90 తాకితే ఆగొద్దు.

కాన్పు అయిపోయిందని ఊరుకోవద్దు. రక్తం గడ్డ ముప్పు తర్వాతి ఆరు వారాలు ఎక్కువగా ఉంటుంది. గుండె కండరం బలహీనపడే జబ్బు ఐదు నెలల వరకూ రావొచ్చు. తల్లిగారింట్లో ఉన్న బాలింత పడుకోలేక కూర్చునే నిద్రపోతోందంటే అది పచ్చి ఒళ్లు నీరసం కాదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.