బాగుచేసినవాళ్ళ పేర్లు

మన ఆండ్రాయిడ్ ఫోన్‌ను లోపలినుంచి నడిపేది లినక్స్ కెర్నెల్. మెమరీ, తెర, బ్యాటరీ అన్నిటికీ పని పంచేది ఇదే. యూనిక్స్ పద్ధతిలో దీన్ని 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టాడు. తర్వాత బాగుచేస్తూ వచ్చినవాళ్ళు వేలమంది. వాళ్ళలో మన దేశంవాళ్ళూ ఉన్నారు.

కోవిల్‌పట్టి నూలు మిల్లులో మిషన్ చెడితే ఆపి, విప్పి చూస్తారు. బ్యాంకు కంప్యూటర్‌ను అలా ఆపితే అందరి పనీ నిలిచిపోతుంది. మరి ఆపకుండా లోపలి తప్పు కనిపెట్టేదెలా? ఇందుకోసం 2002 అక్టోబరులో ఐబీఎం భారత శాఖకు చెందిన ఎస్. వంశీకృష్ణ ‘కేప్రోబ్స్’ అనే సాధనం రాశారు. నడుస్తున్న కెర్నెల్‌లో కోరిన చోట అది ఒక గుర్తు పెడుతుంది. పని అక్కడికి రాగానే క్షణం ఆగి, లోపలి వివరం చెప్పి, మళ్ళీ సాగిపోతుంది. 2004లో ప్రసన్న పంచముఖి దాన్ని సవరించారు. సుపర్ణా భట్టాచార్య ‘జంపర్ ప్రోబ్స్’ అనే భాగం చేర్చారు.

వేరే మంచి దారులు వచ్చాక ఆ భాగాన్ని 2018లో తీసేశారు. అయినా ఆ ఫైలు మొదట్లో ఆమె పేరు, చేర్చిన నెల అలాగే ఉన్నాయి. ఎవరైనా తెరిచి చదవచ్చు.

మన ఊళ్ళ అగ్గిపెట్టె మీద బొమ్మ ఉంటుంది, కంపెనీ పేరు ఉంటుంది. పుల్లలు నింపిన అక్కల పేర్లు ఉండవు. బోరు తవ్వించినవాళ్ళ పేరు రాతిమీద ఉంటుంది, రిపేరు చేసినవాళ్ళది ఉండదు. వాళ్ళ పేరు, తేదీ మనం ఒక నోటుబుక్కులో రాసిపెడితే చాలు, రేపటి పిల్లలకు అదే ఊరి చరిత్ర.