పశువులు పళ్లు కొరకడం: కారణాలు, చికిత్స, నివారణ చర్యలు

కృష్ణా నది పులిగడ్డ వద్ద రెండు పాయలుగా చీలి, నడుమ దివిసీమను ఏర్పరచి బంగాళాఖాతంలో కలుస్తుంది. కృష్ణా జిల్లా కోడూరు మండలంలోని పాలకాయతిప్ప, హంసలదీవి గ్రామాలు ఈ సీమ కొసన, సాగర సంగమానికి సమీపంలో ఉన్నాయి. వరి, మినుము సాగు, చేపల వేట, చెరువుల్లో రొయ్యల పెంపకంతో పాటు పాడి గేదెల పోషణ ఇక్కడి కుటుంబాలకు ఆధారం. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో ఈ తీరగ్రామాలు వేలాది మనుషులతో పాటు పశుసంపదను కూడా కోల్పోయాయి. ఒక్క గేదె పాడి మీద నెలసరి ఖర్చులు గడుపుకొనే ఇంట, ఆ పశువు మేత మానివేయడం చిన్న విషయం కాదు. అటువంటి సమయంలో రైతుకు తరచుగా కనిపించే, తరచుగా ఉపేక్షకు గురయ్యే లక్షణం పశువు పళ్లు కొరకడం.

వ్యాధి కాదు, వ్యాధి సూచన

పళ్లు కొరకడం తనంతట తాను వ్యాధి కాదు. పశువు లోపల అనుభవిస్తున్న నొప్పికి, లేదా మెదడు, నరాల మీద పడిన ఒత్తిడికి అది వెలుపలి గుర్తు. ఆవులు, గేదెలకు పై దవడ ముందు భాగంలో పళ్లు ఉండవు. అందువల్ల వినవచ్చే కిరకిర శబ్దం దవడ పళ్ల రాపిడి వలన కలిగేదే.

దీనిని నెమరువేతగా పొరబడరాదు. ఆరోగ్యంగా ఉన్న పశువు రోజుకు సుమారు 8 గంటల పాటు నెమరు వేస్తుంది. అప్పుడు మేత ముద్ద గొంతు వెంట పైకి రావడం, మెత్తగా నమలడం, తిరిగి మింగడం స్పష్టంగా కనిపిస్తాయి. పళ్లు కొరికే పశువు నోటిలో మేత ఉండదు. శబ్దం గరుకుగా ఉంటుంది. మెడ చాచి, చెవులు వాల్చి, మందకు దూరంగా నిలబడుతుంది. ఎడమ డొక్కపై పిడికిలి ఆనించి చూస్తే, ఆరోగ్యవంతమైన పశువులో 2 నిమిషాలకు 2 నుంచి 3 సార్లు కదలిక తెలుస్తుంది. పళ్లు కొరకడంతో పాటు ఈ కదలిక తగ్గినా, ఆగినా వెంటనే పశువైద్యుని సంప్రదించవలసి ఉంటుంది.

కడుపునకు సంబంధించిన కారణాలు

ఇనుప తీగలు, మేకులు మింగడం: ఆవులు, గేదెలు మేతను పూర్తిగా నమలకుండానే మింగుతాయి. గడ్డిలో కలిసిన తీగ ముక్కలు, మేకులు తేనెపట్టు ఆకారంలో ఉండే రెటిక్యులం అనే అరలో చేరతాయి. అక్కడి నుంచి పొట్ట గోడను, ఒక్కొక్కప్పుడు గుండె పొరను గుచ్చుతాయి. హఠాత్తుగా పాలు తగ్గడం, వీపు పైకి వంచి నిలబడడం, పల్లంలోకి దిగడానికి వెనుకాడడం, మూలగడం, పళ్లు కొరకడం దీని లక్షణాలు. గంగడోలు వద్ద నీరు చేరి, మెడ సిర ఉబ్బితే గుండె పొర దెబ్బతిన్నట్లు భావించాలి. ఆ దశలో చికిత్స ఫలించే అవకాశం తక్కువ. తొలి దశలో గుర్తిస్తే అయస్కాంతం మింగించడం, యాంటీబయాటిక్ మందులు, అవసరమైతే పొట్ట కోసి వస్తువును తొలగించే శస్త్రచికిత్స ద్వారా పశువును కాపాడవచ్చు.

పిండి పదార్థాలు అధికంగా తినడం: పెళ్లిళ్లు, తిరునాళ్లలో మిగిలిన అన్నాన్ని పశువులకు పెట్టడం పల్లెల్లో పరిపాటి. మాఘ పౌర్ణమి నాడు సముద్ర స్నానాలకు భక్తులు తరలివచ్చే హంసలదీవి పరిసరాల్లో ఈ విషయమై ప్రత్యేక జాగ్రత్త అవసరం. అన్నం, బియ్యం, నూక ఒక్కసారిగా అధికంగా తిన్న పశువు పొట్టలో లాక్టిక్ ఆమ్లం పెరుగుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే పొట్ట స్తంభించి, పుల్లని వాసనతో విరేచనాలై, పశువు పళ్లు కొరుకుతూ కూలబడుతుంది. సోడియం బైకార్బొనేట్, సిరలోకి సెలైన్ వంటి చికిత్స తక్షణమే అందాలి. ఆలస్యమైతే ప్రాణాపాయం తప్పదు.

దూడలలో ఏలికపాములు: గేదె దూడలకు తల్లి పాల ద్వారానే ఏలికపాములు సంక్రమిస్తాయి. బంకమన్ను రంగు విరేచనాలు, కడుపునొప్పి, పళ్లు కొరకడం గమనించవచ్చు. పుట్టిన తరువాత 10 నుంచి 15 రోజుల మధ్య వైద్యుని సలహాపై తొలి విడత నట్టల మందు తాగించడం వలన దూడల మరణాలు తగ్గుతాయి.

నోటి పుండ్లు: గాలికుంటు వ్యాధిలో నాలుక, చిగుళ్లపై పొక్కులు చిట్లి, చొంగ కారుతూ పశువు పెదవులు చప్పరిస్తుంది, పళ్లు కొరుకుతుంది. కాలి గిట్టల మధ్య కూడా పుండ్లు ఉంటాయి. 2019 సెప్టెంబరులో ప్రారంభమైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద ఈ వ్యాధికి ఉచితంగా టీకాలు వేస్తున్నారు.

మెదడు, నరాలకు సంబంధించిన కారణాలు

సర్రా: జోరీగల కాటు ద్వారా వ్యాపించే ఈ వ్యాధికి ట్రిపనోసోమా ఇవాన్సి అనే సూక్ష్మజీవి కారణం. 1880లో గ్రిఫిత్ ఇవాన్స్ దీనిని డేరా ఇస్మాయిల్ ఖాన్ వద్ద గుర్రాలు, ఒంటెల రక్తంలో కనుగొన్నారు. వర్షాకాలంలోను, ఆ తరువాత కొద్ది నెలలు జోరీగలు అధికంగా ఉంటాయి. విడిచి విడిచి వచ్చే జ్వరం, చుట్టూ తిరగడం, తలను గోడకు ఆనించడం, పళ్లు కొరకడం లక్షణాలు. రక్త పరీక్షతో నిర్ధారించి క్వినాపైరమిన్ వంటి మందులతో నయం చేయవచ్చు.

సీసం విషప్రభావం: పాత బ్యాటరీలు, రంగు డబ్బాలు, వలలకు కట్టే సీసపు గుండ్లు పశువులకు అందుబాటులో ఉండరాదు. వాటిని నాకినా, మింగినా చూపు మందగించడం, కండరాలు అదరడం, పళ్లు కొరకడం సంభవిస్తాయి. దూడలకు ఈ ప్రమాదం మరింత అధికం.

ఈనిన పశువులలో లోపాలు: ఈనిన కొన్ని వారాల్లో శక్తి చాలక వచ్చే కీటోసిస్‌లోను, మెగ్నీషియం లోపంలోను ఇదే లక్షణం కనిపించవచ్చు. వీటికి గ్లూకోజు, ఖనిజ లవణాల ఇంజెక్షన్లు సత్వర ఫలితమిస్తాయి.

రేబిస్: ప్రాణాంతకమైనది ఇదే. కుక్క కరిచిన కొన్ని వారాలకో నెలలకో పశువు వింతగా అరవడం, చొంగ కార్చడం, మింగలేకపోవడం, పళ్లు కొరకడం మొదలుపెడుతుంది. గొంతులో ఏదో అడ్డుపడిందని భావించి నోటిలో చేయి పెట్టడం రైతులు చేసే పెద్ద పొరపాటు. చొంగ తగిలినవారు ఆ భాగాన్ని సబ్బు నీటితో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రిలో టీకా ప్రారంభించాలి. లక్షణాలు బయటపడిన తరువాత పశువుకు చికిత్స లేదు. కుక్క కరిచిన వెంటనే పశువుకు 0, 3, 7, 14, 28 రోజుల్లో టీకాలు వేయించవచ్చు. అనుమానిత పశువు పాలను వినియోగించరాదు.

గుర్రాలలో

గుర్రం జీర్ణాశయం మేత లేకపోయినా నిరంతరం ఆమ్లాన్ని స్రవిస్తుంది. గంటల తరబడి పస్తు ఉంచడం, ధాన్యం ఎక్కువగా పెట్టడం, నొప్పి మందులను మితిమీరి వాడడం వలన పుండ్లు ఏర్పడతాయి. ముఖ్యంగా గుర్రపు పిల్లలు పళ్లు కొరుకుతూ, చొంగ కారుస్తూ, వెల్లకిలా పడుకుంటే జీర్ణాశయ పుండ్లను అనుమానించాలి. దవడ పళ్ల అంచులు వాడిగా పెరగడం, సరిపడని కళ్లెం, ఒంటరిగా కట్టివేయడం ఇతర కారణాలు. ఏటా ఒకసారి పళ్లను పరీక్షించి ఆకురాయితో అరగదీయించాలి. సముద్ర తీరంలో ఇసుక నేలపై మేత వేస్తే ఇసుక పేగుల్లో పేరుకొని శూల వస్తుంది. మేతను తొట్టిలోనే వేయాలి. పేడను నీటిలో కలిపి ఉంచినప్పుడు అడుగున ఇసుక చేరితే ప్రమాదాన్ని గుర్తించవచ్చు.

పశుపోషకులు పాటించవలసిన జాగ్రత్తలు

- వైద్యుడు వచ్చేవరకు మేత, దాణా ఆపి, పశువును నీడపట్టున ఉంచాలి.
- చేతి తొడుగు లేకుండా నోటిలో చేయి పెట్టరాదు.
- నూనె, కషాయాలు బలవంతంగా గొట్టంతో పోయరాదు. అవి ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియాకు దారితీస్తాయి.
- ఎప్పటి నుంచి పళ్లు కొరుకుతున్నది, ఏమి తిన్నది, ఎప్పుడు ఈనినది, కుక్క కరిచిందా అన్న వివరాలు వైద్యునికి చెప్పాలి.
- తుపాను, వరదల తరువాత తడిసి బూజు పట్టిన గడ్డిని వేయరాదు. ఉప్పునీరు చేరిన కుంటలకు తోలరాదు.
- దాణా మార్పును రెండు మూడు వారాల్లో క్రమంగా చేయాలి.

అత్యవసర సమయాల్లో పశుపోషకులు 1962 టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేసి సంచార పశువైద్య సేవలు పొందవచ్చు. రాష్ట్రంలో ఈ వాహన సేవలు 2022లో ప్రారంభమయ్యాయి. శస్త్రచికిత్స అవసరమైన పశువులకు గన్నవరంలోని ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల జిల్లా పరిధిలోనే ఉంది. పళ్లు కొరికే శబ్దం విన్న రోజునే వైద్యునికి తెలియజేస్తే, అధిక సందర్భాలలో పశువును, దానిపై ఆధారపడిన కుటుంబ ఆదాయాన్ని కాపాడుకోవచ్చు.