పాస్‌పోర్ట్ ఫోటో: హిజాబ్, గడ్డం, చంటిపిల్లలు - ఏ రూల్ ఎక్కడ?

ఉమ్రాకు వెళ్దామని ఇంట్లో మాట అనుకున్నాక ముందు బీరువాలోంచి బయటికి వచ్చేవి పాస్‌పోర్టులే. దాదీది గడువు దాటిపోయి ఉంటుంది. చంటిపిల్లకు అసలు తీసే ఉండదు. బర్త్ సర్టిఫికెట్, ఆధార్, అడ్రస్ ప్రూఫ్ అన్నీ సరిచూసుకుని, తీరా ఫోటో దగ్గర ఇరుక్కుపోయే కుటుంబాలు తక్కువేమీ కాదు. ఇంతలో ఉమ్రా ఏజెంట్ ఇచ్చిన గడువు దగ్గర పడుతుంది.

మన దేశంలో పాస్‌పోర్ట్ సేవా కేంద్రానికి వెళ్లే పెద్దవాళ్లు ఫోటో తీసుకెళ్లనక్కర్లేదు. ఏ-కౌంటర్ దగ్గర వేలిముద్రలతో పాటు ఫోటో కూడా అక్కడే తీస్తారు. ఈ సంగతి తెలియక స్టూడియోలో ఎనిమిది కాపీలు తీయించుకుని వెళ్లేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. స్టూడియో ఫోటో అవసరం పడేది ముఖ్యంగా మూడు చోట్ల: 4 ఏళ్లలోపు పిల్లలకు, విదేశాల్లో ఉండి పాస్‌పోర్ట్ రెన్యువల్ చేయించుకునేవాళ్లకు, వీసాలకు.

అక్కడే తీస్తారు కదా అని ఎలా పడితే అలా వెళ్తే మాత్రం తర్వాత బాధపడాలి. ఆ ఫోటో పెద్దవాళ్ల పాస్‌పోర్టులో పదేళ్లు ఉంటుంది. తీయగానే ఒకసారి చూపించమని అడగాలి. కళ్లు మూసుకుపోయినా, దుపట్టా నుదుటి మీదకు జారినా మళ్లీ తీయమని అప్పుడే చెప్పాలి. బుక్‌లెట్ చేతికొచ్చాక బాగోలేదంటే రీఇష్యూకే వెళ్లాలి. 36 పేజీల దానికి మళ్లీ 1500 రూపాయలు, మళ్లీ అపాయింట్‌మెంట్.

ఇక హిజాబ్ సంగతి. ఆడపిల్లలున్న ఇళ్లలో ఎక్కువ గాబరా దీని గురించే. తీసేయమంటారేమో అని కొందరు భయపడతారు, తీయకపోతే రిజెక్ట్ చేస్తారని పక్కింటివాళ్లు చెబుతారు. రూల్ అలా లేదు. మామూలుగా తల మీద ఏదీ ఉండకూడదు కానీ, మత కారణాలతో కప్పుకునేవాళ్లకు మినహాయింపు ఉంది. దానికి ఒకటే షరతు: గడ్డం కింది భాగం నుంచి నుదురు పైదాకా, ఇటు అంచు నుంచి అటు అంచు దాకా ముఖం మొత్తం స్పష్టంగా కనపడాలి. నీడ పడకూడదు. హిజాబ్ పూర్తిగా తీయమనడం ఈ రూల్‌లో లేదు. అలా ఎవరైనా అంటే ఈ మాటే నిదానంగా చెప్పాలి.

తేడా వచ్చేది కట్టుకునే తీరులో. రోజూ కట్టుకున్నట్టు కనుబొమ్మల దాకా లాగి కట్టుకుంటే నుదురు మూసుకుపోతుంది. గడ్డం కిందికి బిగించి పిన్ను పెడితే గడ్డం గీత కనపడదు. ఫోటో కోసం అర అంగుళం వెనక్కి జరిపి, చెంపల దగ్గర కాస్త వదులు చేస్తే చాలు. ముందుకు పొడుచుకొచ్చే అండర్ క్యాప్ ఉంటే దాని నీడ నుదుటి మీద పడుతుంది, అది తీసేయడం మంచిది.

రంగు గురించి ఎవరూ చెప్పరు కానీ అసలు చిక్కు అక్కడే వస్తుంది. వెనక తెర తెలుపు. తెల్ల హిజాబో, లేత క్రీమ్ దుపట్టానో వేసుకుంటే అది తెరలో కలిసిపోయి తల ఆకారమే తెలియదు. నలుపు, నేవీ బ్లూ, మెరూన్, ముదురు ఆకుపచ్చ లాంటివి బాగా వస్తాయి. తళుకులు, జరీ అంచులు ఫ్లాష్‌కు మెరుస్తాయి. మగవాళ్ల తెల్ల కుర్తాకూ తెల్ల టోపీకీ ఇదే ఇబ్బంది. టోపీ రోజూ పెట్టుకునే అలవాటుంటే నుదురు కనిపించేలా ఉంచుకోవచ్చు, జుమాకు మాత్రమే పెట్టుకునేవాళ్లు ఫోటోకు తీసేస్తేనే గొడవ ఉండదు.

నఖాబ్‌కు మినహాయింపు లేదు. ముఖం చూపించాల్సిందే. మహిళా సిబ్బందితో ఫోటో తీయించమని అడగడంలో తప్పు లేదు. కౌంటర్ ముందుకు వెళ్లాక కాకుండా, లోపలికి వెళ్లగానే మర్యాదగా చెప్పి ఉంచితే పని సులువవుతుంది. పెళ్లిళ్ల సీజన్‌లో ఇంకో మాట: చేతుల నిండా మెహందీ ఉంటే ఫోటోకు ఏమీ కాదు గానీ వేళ్ల కొసల మీద దట్టంగా ఉంటే వేలిముద్ర మెషీన్ మొరాయిస్తుంది.

గడ్డం ఉంటే తీయాల్సిన పని లేదు. కళ్లద్దాలు తీసేయడమే మేలు, అద్దం మీద లైటు మెరిస్తే ఫోటో పనికిరాదు. నోరు మూసి, పళ్లు కనపడకుండా, నేరుగా కెమెరా వైపు చూడాలి. ఇంత పట్టింపు ఎందుకంటే ఇప్పుడు ఫోటోను మనిషి కంటే ముందు మెషీన్ చూస్తుంది. కొత్త ఈ-పాస్‌పోర్టుల్లో చిప్ ఉంటుంది, అందులో ముఖం ఫోటో కూడా ఉంటుంది. ఎయిర్‌పోర్టులో మెషీన్ కళ్లు, ముక్కు, నోరు ఎంతెంత దూరంలో ఉన్నాయో కొలిచి పోలుస్తుంది. పెద్దగా నవ్వితే ఆ కొలతలే మారిపోతాయి.

చంటిపిల్లల ఫోటో అన్నిటికంటే కష్టం. 4 ఏళ్లలోపు బిడ్డకు 3.5 సెంటీమీటర్ల వెడల్పు, 4.5 సెంటీమీటర్ల ఎత్తుతో, తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఫోటో తీసుకెళ్లాలి. అమ్మీ ఒళ్లో కూర్చోబెట్టి తీస్తే ఆమె చెయ్యో, బురఖా అంచో ఫ్రేములో పడుతుంది. మంచం మీద ముడతలు లేని తెల్ల దుప్పటి పరిచి, బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి పైనుంచి తీస్తే సరిగ్గా వస్తుంది. కిటికీ పక్కన, పగటి వెలుతురులో తీయాలి. నోట్లో పాలపీక ఉండకూడదు, పక్కన బొమ్మ ఉండకూడదు. నజర్ తగలకుండా నానీ పెట్టిన కాటుక చుక్కను ఆ రెండు నిమిషాలు తుడిచేయాలి, లేకపోతే పుట్టుమచ్చ అనుకుంటారు. పాలు తాగి, నిద్ర లేచాక తీస్తే పది ఫోటోల్లో ఒకటైనా కుదురుతుంది. ఆకలి మీదున్నప్పుడు స్టూడియోకు తీసుకెళ్లడం అందరికీ శిక్షే.

జెద్దా, దమ్మామ్, కువైట్, దుబాయ్‌లలో ఉన్న మనవాళ్లకు రూల్ మారింది. ఎంబసీ, కాన్సులేట్‌ల ద్వారా పాస్‌పోర్టుకు అప్లై చేస్తే 2025 సెప్టెంబర్ 1 నుంచి అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణాల ప్రకారం ఉన్న ఫోటోనే ఇవ్వాలి. సైజు 630 గుణించి 810 పిక్సెళ్లు. ముఖం ఫోటోలో 80 నుంచి 85 శాతం నిండాలి, భుజాల పైభాగం మాత్రమే కనపడాలి. కెమెరా మనిషికి మీటరున్నర దూరంలో ఉండాలి. సెల్ఫీ ఎందుకు పనికిరాదో ఇక్కడే తెలుస్తుంది, చెయ్యి చాచినంత దూరం నుంచి తీస్తే ముక్కు పెద్దదిగా, చెంపలు సన్నగా కనిపిస్తాయి. కంప్యూటర్లో ఫోటోను మార్చకూడదన్నది ఇందులో గట్టి నిబంధన. మన ఊళ్లలో స్టూడియోవాళ్లు అడక్కుండానే రంగు తెల్లగా చేసి, మచ్చలు తుడిచేసి, ఒక్కోసారి కోటు కూడా తొడుగుతారు. పెళ్లి సంబంధానికి అది సరిపోతుందేమో, పాస్‌పోర్టుకు పనికిరాదు. డబ్బులిచ్చే ముందే "టచప్ వద్దు భాయ్" అని చెప్పేయాలి.

వీసా ఫోటో వేరు, పాస్‌పోర్ట్ ఫోటో వేరు. అమెరికా వీసాకు చతురస్రం కావాలి, 2 అంగుళాలకు 2 అంగుళాలు. ఆన్‌లైన్‌లో పెట్టేదైతే కనీసం 600 గుణించి 600 పిక్సెళ్లు, 240 కేబీ దాటకూడదు. అక్కడ 2016 నవంబర్ నుంచి కళ్లద్దాలు ఒప్పుకోరు, హిజాబ్‌కు మాత్రం మన దగ్గర ఉన్న షరతుతోనే అనుమతి ఉంది. లండన్‌లో పుట్టిన మనవడి బ్రిటిష్ పాస్‌పోర్టుకు ప్రింట్ ఫోటో ఇస్తే వెనక తెల్ల తెర కాదు, క్రీమ్ లేదా లేత బూడిద రంగు ఉండాలి. అందుకే స్టూడియోలో కేవలం "పాస్‌పోర్ట్ సైజ్" అంటే సరిపోదు. ఏ దేశానికి, పాస్‌పోర్టుకా వీసాకా అన్నది చెప్పి, ప్రింట్లతో పాటు సాఫ్ట్ కాపీ కూడా ఫోన్‌లోకి వేయించుకోవాలి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపమనాలి.